మెట్ల కింద ప్రింటింగ్ షాపు: నాలుగు నెలల్లో పదకొండు సార్లు వెళ్లొచ్చాక

ముందే చెప్పేస్తున్నా, షాపు పేరు రాయడం లేదు. రాస్తానంటే ఓనరన్నే వద్దన్నాడు. "పేరు పెట్టొద్దు పాపా. మార్చి వస్తే మీ కాలేజోళ్లంతా ఈడికే వచ్చి పడతారు. నా పెళ్లికార్డులు ఎవురు ఏస్తారు?" అని. అందుకని గుర్తులు మాత్రం చెబుతాను. తిరుపతిలో గాంధీ రోడ్డు వెనక సందు. పైన టైలరు, పక్కన టీ బండి, మేడ మెట్ల కింద సగం దాక్కున్న షట్టరు. షట్టరు పక్కన కటింగులో మిగిలిన కాగితం పేలికలు నింపిన గోనెసంచులు రెండు ఎప్పుడూ ఉంటాయి. బోర్డు ఉంది గానీ ఎండకు వెలిసిపోయి 'ప్రింటర్స్' అన్న మాట ఒక్కటే మిగిలింది. మా క్లాసులో అందరం మెట్ల కింద షాపు అనే అంటాం.

నేను అప్లైడ్ ఆర్ట్ ఫైనల్ ఇయర్. మా ఊరు దామలచెరువు పక్కన. గ్రాఫిక్ డిజైన్ అంటే మా ఊళ్లో ఫ్లెక్సీలు చేసే చదువు అనుకుంటారు. మా జేజి "ఫోటోలు దిద్దే కోర్సు" అని చుట్టాలకు చెబుతుంది, నేనూ దిద్దడం మానేశాను. ఫైనల్ ఇయర్‌లో మాకు ఒకటే పెద్ద ప్రాజెక్టు. ఒక టాపిక్ పట్టుకుని, దాని మీద పోస్టర్లో పుస్తకమో ప్యాకేజింగో చేసి, గోడకు పెట్టి, పని ఎలా జరిగిందో చూపించే ప్రాసెస్ బుక్ ఒకటి బైండింగ్ చేసి ఇవ్వాలి. జూలైలో మేడం మూడు ఐడియాలు తెమ్మన్నారు. నేను నోట్‌బుక్ నిండా ఐదు రాసుకెళ్లాను. అక్టోబరు వచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు. ఆ ఐదింట్లో మూడు ఈ షాపులోనే పోయాయి. ఇప్పుడు చేస్తున్న ఆరోది కూడా ఈ షాపులోనే పుట్టింది. ఈ రివ్యూ రాయడానికి కారణం అదే.

విజిటింగ్ కార్డులు కావాల్సినవాళ్లు ఇది చదవనక్కర్లేదు, ఎక్కడ వేయించినా ఒకటే. ఫ్లెక్సీ కావాలంటే ఇక్కడికి రానే వద్దు, ఆ మెషిన్ లేదు. ఉన్నవి ఏమిటంటే: 13 బై 19 అంగుళాల షీటు దాకా వేసే కలర్ డిజిటల్ మెషిన్ ఒకటి, బిల్లుబుక్కులకు వాడే పాత చిన్న ఆఫ్‌సెట్, తాళం వేసి ఉంచే పెద్ద కటింగ్ మెషిన్, వెనక గదిలో స్క్రీన్ ప్రింటింగ్ బల్ల. కంప్యూటర్లు రెండు. ఒకదాంట్లో పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్), అను ఫాంట్లు. రెండోదాంట్లో కోరెల్‌డ్రా (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్). మనుషులు ముగ్గురు: అన్న, అన్న భార్య (మాకు అక్క), కంప్యూటర్ దగ్గర కూర్చునే పిల్లోడు. పిల్లోడికి పాతికేళ్లుంటాయి గానీ షాపులో అందరూ అలాగే పిలుస్తారు.

మొదటిసారి వెళ్లింది ఆగస్టులో, మామిడిపెట్టె డిజైన్ పట్టుకుని. మా నాయనకు నాలుగెకరాల తోతాపురి తోట. తోతాపురికి ఒక బ్రాండు, ఒక అందమైన అట్టపెట్టె, పెట్టె మీద చిలక ముక్కు. కాయ కొన అలాగే ఉంటుంది కదా, పేరులో ఉన్న తోతా కూడా చిలకే. లాప్‌టాప్‌లో మాకప్ (అసలు వస్తువులా కనిపించే నమూనా బొమ్మ) చేస్తే ఎక్కడో విదేశాల షాపులో ఉన్నట్టు మెరిసింది. మాకప్‌లో ఏది పెట్టినా మెరుస్తుందని అప్పటికి నాకు తట్టలేదు.

అన్న కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి తెరకేసి చూశాడు. "బాగుండాది. ఇంతకీ మీ నాయన తోతాపురిని పెట్టెలో పెట్టి ఎప్పుడమ్మినాడు?"

నేను నోరు తెరిచి మళ్లీ మూసేశాను. తోతాపురి పెట్టెలో పోదు. ట్రాక్టర్లో పోసి, పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు వరసలో నిలబెట్టి, టన్ను లెక్కన అమ్ముతారు. పెట్టెల్లో, క్రేట్లలో పోయేది బేనీషా, అంటే బంగినపల్లి. సీజన్లో మా నాయన రాత్రంతా ట్రాక్టరు మీదే పడుకుంటే అన్నం క్యారియరు తీసుకెళ్లింది నేనే. అయినా పెట్టె గీశాను, ఎందుకంటే నేను చూసిన ప్యాకేజింగ్ ప్రాజెక్టులన్నింటిలో పెట్టె ఉంది!

అన్న అంతటితో వదల్లేదు. నా పెట్టె మీద రంగులు ఒకదాంట్లో ఒకటి కరిగిపోయే గ్రేడియెంట్లు ఉన్నాయి. గోధుమరంగు అట్ట మీద నేరుగా వేసేది రబ్బరు ప్లేట్లతోనట. ఒకటో రెండో రంగులు, గీతలు లావుగా ఉండాలి, సన్న అక్షరాలు పూడుకుపోతాయి. నాలుగు రంగుల బొమ్మే కావాలంటే ముందు కాగితం మీద ఆఫ్‌సెట్‌లో వేసి దాన్ని అట్టకు అంటించాలి. ఇది మాకు రెండో సంవత్సరం సిలబస్‌లో ఉంది. పరీక్షలో రాశాను కూడా, మార్కులు బాగానే వచ్చాయి. అక్క లోపలి నుంచి ఒక ఖాళీ అట్టపెట్టె తెచ్చి, నా చేతిలో పెట్టి, "ఇది గోకి చూడు" అంది. గోరుతో గీస్తే సిరా పొడిలా రాలింది. ఆ రోజు బిల్లు సున్నా. మామిడిపెట్టె అక్కడే వదిలేసి వచ్చాను.

రెండో ఐడియా పుత్తూరు కట్టు. మనవైపు ఎముక విరిగితే ముందు గుర్తొచ్చే మాట అదే. రాష్ట్రంలో ఏ ఊరికెళ్లినా 'పుత్తూరు కట్టు' అని పెయింటుతో రాసిన బోర్డు ఒకటి కనబడుతుంది. ఆ బోర్డుల అక్షరాల మీద చిన్న పుస్తకం చేద్దామనుకున్నాను. ఫోటోలు తీశాను, 42 పేజీలు పేర్చాను, మధ్యలో పిన్ను కొట్టే బైండింగ్ అడిగాను. "42 కుదరదు. 40 చెయ్, లేకపోతే 44" అన్నాడు పిల్లోడు తల ఎత్తకుండా. షీటును మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి కాబట్టి మొత్తం నాలుగుతో భాగించాలి. సరే, రెండు పేజీలు తీసేద్దామని అక్కడే నిలబడి చూస్తే, ఏ రెండు తీసినా తేడా తెలియలేదు. ఇంకో నాలుగు తీశాను. అప్పుడూ తెలియలేదు. ఏది తీసినా ఒకేలా ఉందంటే ఆ పుస్తకంలో చెప్పిందేమీ లేదన్నమాట. అది కూడా పోయింది. పిల్లోడికి ఈ సంగతి తెలియదు, ఆ ఒక్క మాట అనేసి ఏదో పెళ్లికార్డులో మామయ్యల పేర్ల వరస మారుస్తూ ఉండిపోయాడు.

మూడోది కలంకారీ. దీన్ని మేడమే ఆపారు. "ప్రతి సంవత్సరం గోడ నిండా కలంకారీనే ఉంటుంది" అన్నారు. నాకు పౌరుషం వచ్చి శ్రీకాళహస్తి బస్సెక్కాను. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరేసిన గుడ్డ వాసన, బెల్లం నీళ్లలో ఇనుప తుప్పు నానబెట్టి చేసే నల్లటి కసిమి, వెదురు కలానికి చుట్టిన ఉన్ని. ఒక పూటంతా నోట్స్ రాసుకున్నాను. తిరిగొచ్చి డిజిటల్ పోస్టరుగా మార్చి ఇక్కడ ప్రింటు తీయిస్తే, గుడ్డ మీద మెత్తగా ఇంకిన రంగు ఆర్ట్ పేపరు మీద క్యాలెండరు బొమ్మలా తేలింది. మేడం అన్నది నిజమే. అన్న ఏమీ అనలేదు, ముప్పై రూపాయలు తీసుకున్నాడు. నాలుగోది యాత్రికుల కోసం దారి చూపించే గుర్తులు. అది మా క్లాసులో ఇంకో ఇద్దరికి కూడా వచ్చిందని తెలిసి వదిలేశాను. ఐదోది చెప్పుకోదగ్గది కాదు.

ఆరోది గంగమ్మ జాతర. తిరుపతివాళ్లకు చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం రెండు ముక్కలు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకు జాతర. పాలెగాడిని వెతుక్కుంటూ గంగమ్మ రోజుకో వేషం కట్టిందని కథ. అందుకే ఊళ్లో జనం కూడా రోజుకో వేషం వేస్తారు. చాటింపు అయ్యాక మొదట బైరాగి వేషం, తర్వాత బండ వేషం, తోటి వేషం, దొర వేషం, ఆ తర్వాత మాతంగి, సున్నపు కుండలు. బైరాగికి ఒళ్లంతా నామకొమ్ము, అంటే తెలుపు. బండకు కుంకుమ. తోటికి బొగ్గు. దొరకు చందనం. పిల్లలు, ఉద్యోగస్తులు, ఆటో నడిపేవాళ్లు అందరూ అలాగే పూసుకుని రోడ్డు మీద తిరుగుతుంటారు. ఆ వారంలో ఆటో ఎక్కితే డ్రైవరు మెడ నుంచి కుంకుమ రాలి సీటంతా అంటుకుని ఉంటుంది.

నా లెక్క చాలా సులువుగా ఉండేది. నాలుగు వేషాలు, నాలుగు రంగులు, నాలుగు పోస్టర్లు. ఒక్కో పోస్టరుకు ఒక్కటే రంగు. సెప్టెంబరు చివర్లో ఫైలు తీసుకుని మెట్ల కిందికి వెళ్లాను. ఇక్కడి నుంచి షాపు మంచీ చెడూ రెండూ వస్తాయి.

చెడు ముందు. పెన్‌డ్రైవ్ ఇచ్చాను. వెనక్కి తెచ్చుకుని హాస్టల్లో పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోయాయి. వైరస్. రెండు వారాల స్కెచ్ స్కానింగులు దాంట్లోనే ఉన్నాయి. దాచిన ఫైళ్లను బయటికి తీయడం మా సీనియర్ అన్నకు తెలిసి ఉండబట్టి బతికిపోయాను. ఇంకోటి, ఆ కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద ఊళ్లోవాళ్ల ఆధార్ కాపీలు, మార్కుల లిస్టులు, ఎవరిదో పొలం పత్రం, అన్నీ పరిచినట్టు కనిపిస్తుంటాయి. తుడిచేయమని చెబితే "ఎవురు చూస్తారు పాపా" అన్నాడు పిల్లోడు. నేను చూశాను కదా! అప్పటి నుంచి నేను ఫైలు మెయిల్ చేసి, ప్రింటు అయ్యాక నా ముందే డౌన్‌లోడ్స్ నుంచి తీయిస్తున్నాను. మీరూ అలాగే చేయండి.

తర్వాత అక్షరాలు. నా పోస్టరు మీద 'గంగమ్మ' అని పెద్దగా ఉంటే, ప్రూఫులో 'గంగమ్‌మ' అని వచ్చింది. ఒత్తు ఊడి పక్కన నిలబడింది. తప్పు సగం నాది. నేను కర్వ్స్ చేయకుండా, అంటే అక్షరాలను బొమ్మలుగా మార్చకుండా ఫైలు ఇచ్చాను, పిల్లోడు దాన్ని ఇంకో ప్రోగ్రాంలో తెరిచాడు. డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లు పాత పద్ధతివి, ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ముక్కలు కూర్చి పెట్టినవి. మనం ఫోన్లో కొట్టే తెలుగు యూనికోడ్. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు అర్థం కాదు, ఒత్తులు, గుణింతాలు ఎక్కడివక్కడ విడిపోతాయి. ఇలస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద ఇండిక్ ఆప్షన్స్‌కు టిక్ పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్లో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకుంటే తెలుగు సరిగ్గా కూర్చుంటుంది. ఇచ్చే ముందు మొత్తం ఔట్‌లైన్స్ (ఇందాకటి కర్వ్స్ ఇవే) చేసి పీడీఎఫ్ ఇవ్వండి, ఒరిజినల్ వేరే దాచుకోండి.

అయితే ఆ పిల్లోడి గురించి ఒక మాట. ఒత్తు ఊడిందని నేను మొహం మాడ్చుకుంటే, నా పోస్టరు కింద ఉన్న పది లైన్ల వివరం మొత్తం ఆపిల్ కీబోర్డులో (డీటీపీవాళ్లు వాడే తెలుగు టైపింగ్ పద్ధతి) కొట్టి చూపించాడు. కీబోర్డుకేసి చూడలేదు, ఒక్క తప్పు లేదు, పక్కనే ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు కూడా. ఈ వేగం మా క్లాసులో ఒక్కరికీ లేదు.

ఫాంటు కోసం నేను వెతికింది లావుగా, బొద్దుగా ఉండే అక్షరాలు. సిలికానాంధ్రవాళ్లు ఉచితంగా ఇచ్చిన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి: రామభద్ర, సురవరం, మల్లన్న, ఎన్టీఆర్ ఇలా. మన కాళహస్తి కవి ధూర్జటి పేరుతో కూడా ఒకటుంది. మమకారం కొద్దీ ముందు ధూర్జటే పెట్టి చూశాను, జాతరకు కుదర్లేదు. రామభద్ర కుదిరింది. ఎందుకు కుదిరిందో కూడా ఈ షాపులోనే తెలిసింది, కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు అసలు చిక్కు. కుంకుమ పోస్టరు ప్రింటు తీశారు. తెరమీద మండిపోతున్న ఎరుపు కాగితం మీద ఇటుకపొడిలా వచ్చింది. నేను ఆర్‌జీబీలో (తెర రంగుల పద్ధతి) చేశాను, మెషిన్ సీఎంవైకేలో (అచ్చు సిరాల పద్ధతి) వేస్తుంది. సరే, అది దిద్దుకోవచ్చు. నల్లది బాగానే వచ్చింది. చందనం కాస్త జబ్బుపడ్డ పసుపులా ఉన్నా పర్లేదు. బైరాగి పోస్టరు మెషిన్లోంచి వచ్చింది. ఖాళీ కాగితం!

పిల్లోడు ఇంకోసారి ప్రింటు కొట్టబోయాడు. అన్న చేయి అడ్డం పెట్టి నవ్వాడు. "తెలుపు యాడుందిరా మిషన్లో? నాలుగు రంగులే గదా ఉండేది. తెల్లది కావాలంటే కాగితమే తెల్లగా ఉండాల."

నాకు తెలియక కాదు. నాలుగు సంవత్సరాలుగా చదువుతున్న సంగతే. సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్. తెలుపు సిరా లేదు. కానీ నా నాలుగు వేషాల్లో మొదటిదే తెలుపు అని, ఆ తెలుపు ఖాళీ కాదు, ఒంటికి దట్టంగా పూసేది అని ఆ ఖాళీ షీటు చేతిలో పట్టుకునే దాకా తలకెక్కలేదు. చుట్టూ నలుపు వేసి మధ్యలో మనిషి ఆకారం తెల్లగా వదిలేద్దామా అన్నాను. అన్న ఒప్పుకోలేదు, "అప్పుడు పూసింది నలుపు అవతాది, తెలుపు కాదు" అన్నాడు.

అక్క ఒక మూల కూర్చుని బిల్లుబుక్కులకు నంబర్లు కొడుతోంది. చేతిలో పని ఆపలేదు. "నామకొమ్ము ఒంటికి పూసుకునేది గదా. ఒంటి రంగు కాగితం మీద ఏస్తే పోయె" అంది.

నిజంగా అంతే అంది, మళ్లీ నంబర్లు కొట్టుకుంటూ ఉంది. నేను మాత్రం అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. కాగితం ఒళ్లు, సిరా వేషం. ఇన్నాళ్లూ రంగుల గురించే ఆలోచించాను, కాగితం గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. కాగితమంటే 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఆర్ట్ కార్డు, తెల్లది, అంతే. మనిషి ఒళ్లు ఎక్కడైనా తెల్ల కాగితంలా ఉంటుందా?

గోధుమరంగు కార్డు మీద తెలుపు వేయాలంటే ఈ షాపులో ఒకటే దారి, స్క్రీన్ ప్రింటింగ్. పెళ్లికార్డుల మీద బంగారు రంగు పేర్లు వేసేది దాంతోనే. నా దగ్గర ఉన్నది ఒక్కో పోస్టరుకు ఒక్కటే రంగు కాబట్టి ఒక్కో పోస్టరుకు ఒక్కటే ఫ్రేము చాలు. అన్న లెక్క వేశాడు: ఫ్రేముకు 350 రూపాయలు, నాలుగు ఫ్రేములకు 1400. వేసే కూలి షీటుకు ఐదు. కార్డు నేనే కొనుక్కోవాలి. బేరమాడితే ఫ్రేములు 1200కు దిగాడు, బదులుగా షీట్లు ఆరేసే పని నన్నే చేసుకోమన్నాడు. అది కూలీ తగ్గించుకోవడానికి అన్నాడో, నాకు నేర్పడానికి అన్నాడో ఇప్పటికీ తెలియదు.

పని జరిగే తీరు ఇది. చెక్క ఫ్రేముకు బిగించిన సన్నటి జాలీ గుడ్డ మీద వెలుతురు తగిలితే గట్టిపడే మందు పూసి, చీకట్లో ఆరబెడతారు. డిజైన్‌ను నల్లగా ట్రేసింగ్ పేపరు మీద ప్రింటు తీసి, ఫ్రేము మీద పెట్టి, ట్యూబ్‌లైట్లున్న పెట్టె మీద ఉంచుతారు. వెలుతురు తగిలినచోట మందు గట్టిపడుతుంది, నల్ల బొమ్మ కింద మెత్తగానే ఉంటుంది. నీళ్లతో కడిగితే మెత్తటిది పోయి బొమ్మ ఉన్న చోట జాలీ తెరుచుకుంటుంది. ఫ్రేమును కాగితం మీద పెట్టి, సిరా పోసి, రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే సిరా అక్కడి నుంచే దిగుతుంది. చెప్పడానికి ఇంతే. నేను లాగిన మొదటి ఏడు షీట్లు గోడకు పెట్టడానికి కాదు గదా, చేతులు తుడుచుకోవడానికి కూడా పనికిరాలేదు.

సన్నటి అక్షరాలకు ఇక్కడే కష్టం. నేను మొదట పెట్టిన చిన్న అక్షరాల్లో ఒత్తులన్నీ సిరాతో పూడుకుపోయాయి. రామభద్ర లావు కాబట్టి నిలబడింది. వివరం లైన్లు పదింటినీ రెండుకు తగ్గించి పెద్దవి చేశాను. పోస్టరు ఎంత బాగుపడిందో మేడం చూశాక తెలిసింది. "ఎవరు తగ్గించమన్నారు?" అని అడిగారు. జాలీ తగ్గించమంది అన్నాను.

తెలుపు ఒక్క లాగుకు బూడిదలా దిగింది. ఆరాక మళ్లీ అదే చోట రెండోసారి లాగాలి. రెండోసారి అర మిల్లీమీటరు జరిగినా అంచు రెండుగా కనబడుతుంది. అన్న బల్లకు మూడు చోట్ల అట్టముక్కలు అంటించి షీటు మూల అక్కడికే ఆనేలా చేశాడు. అయినా పాతికలో ఆరు జరిగాయి. ఆ ఆరింటినీ చూస్తే పూత ఆరి బీటలు వారినట్టుంటుంది. చెడిపోయినవి అని అన్న పక్కన పడేశాడు. నేను ఎత్తి దాచుకున్నాను, గోడకు పెట్టేవాటిలో రెండు అవే.

చందనానికి గోధుమరంగు కార్డు మొండికేసింది. రెండూ దగ్గర రంగులు, పూసినా పూయనట్టే ఉంది. అక్క ఐస్‌క్రీం కప్పులో పసుపు, తెలుపు, చిటికెడు ఎరుపు కలిపి నాలుగైదు మాదిర్లు చేసింది. ఏదీ కుదర్లేదు. ముదురు రంగు కార్డు తెచ్చాక కుదిరింది. దాంతో ఒక్కో వేషానికి ఒక్కో ఒంటిరంగు వచ్చేసింది. ముందు అనుకుని చేసింది కాదు. ఇప్పుడు మాత్రం ప్రాసెస్ బుక్‌లో అనుకునే చేసినట్టు రాస్తున్నాను, అది వేరే సంగతి.

ఇక ఫిర్యాదులు, మిగిలినవి. టైము చెబితే నమ్మకండి. "రేపు రా పాపా" అంటే మూడు రోజులు. పెళ్లి ముహూర్తాలు ఉన్న వారం అంటే వారమే. కార్తీకంలో నా బొగ్గు ఫ్రేము ఎనిమిది రోజులు మూలన పడి ఉంది. పక్కనే ఎవరి పెళ్లికో 600 కార్డులు ఎండుతున్నాయి. ఒకసారి డిజిటల్‌లో తీసిన కవరు పేజీలు కటింగులో నాలుగు మిల్లీమీటర్లు లోపలికి కోసేశారు. చుట్టూ మూడు మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కోతకని అదనపు అంచు, వదిలినా ఏం లాభం, అక్షరాల తలలు తెగాయి. తప్పు ఒప్పుకుని ఊరికే మళ్లీ వేసిచ్చారు గానీ, ఒప్పుకోవడానికి అరగంట వాదించాల్సి వచ్చింది. మ్యాట్ లామినేషన్ ఇక్కడ చేయించొద్దు, అంచుల్లో బుడగలు వస్తున్నాయి. వెనక గదిలో కిటికీ లేదు, సిరా పలచన చేసే రిడ్యూసర్ వాసనకు గంటలో తలనొప్పి. కూర్చోవడానికి ఉన్నది ఒకటే స్టూలు, దాని మీద ఎప్పుడూ పంచాంగం, టిఫిన్ బాక్సు ఉంటాయి.

ధరలు నాకు పడినవి చెబుతున్నా, మీకు అటూ ఇటూ కావచ్చు. 13 బై 19 షీటు, 300 జీఎస్ఎం, ఒకవైపు కలర్ 30 రూపాయలు. 170 జీఎస్ఎం అయితే 22. నలుపు తెలుపు ఏ4 రెండు రూపాయలు, అది బయట జిరాక్సు షాపులో ఇంకా తక్కువ. వైరో బైండింగ్ 70. మధ్య పిన్ను ఊరికే కొడతారు, కానీ పొడుగు స్టేప్లర్ అరిగిపోయింది, 11 షీట్లు దాటితే దిగదు. ఫోన్‌పే ఉంది, బిల్లు అడిగితేనే ఇస్తారు. కాలేజీలో ఖర్చులు చూపించాలంటే తప్పకుండా అడగండి. బిల్లు మీద జిల్లా పేరు చూసుకోండి, నాకు ఒకసారి 'చిత్తూరు జిల్లా' అని అచ్చయిన పాత పుస్తకంలోంచి చించి ఇచ్చారు. 2022లో తిరుపతి వేరే జిల్లా అయినప్పుడు ఊరంతా లెటర్‌హెడ్లు మార్పించుకుందని, ఆ రెండు నెలల పని కరోనా అప్పులు తీర్చిందని అన్న చెప్పాడు. ఊరందరివీ మార్చినవాళ్లు సొంత బిల్లుబుక్కు మాత్రం మార్చుకోలేదు.

మార్కులు వేయమంటే ఐదుకు మూడున్నర. డెడ్‌లైన్ వారంలో వెళ్లేవాళ్లకు రెండే. ఫైనల్ ప్రింటుకు ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు కొత్త మెషిన్లున్న షాపులే మేలు, రంగు నిలకడగా వస్తుంది, చెప్పిన టైముకు ఇస్తారు. కానీ అక్కడ కౌంటర్లో ఫైలు ఇస్తే రసీదు ఇస్తారు, మాట్లాడరు. ఐడియా ఇంకా గట్టిపడనప్పుడు, ఏం చేయాలో తెలియక తిరుగుతున్నప్పుడు మెట్ల కిందికి వెళ్లండి. ఉదయం పదిన్నర నుంచి పన్నెండు లోపల వెళ్తే అన్న ఖాళీగా ఉంటాడు. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర షట్టరు సగం దించి నిద్రపోతారు, తట్టొద్దు. మీ ఫైలు కంటే ముందు మీ వస్తువు చూపించండి, ముట్టుకుని చూడ్డానికి ఏదో ఒకటి. తెర మీద చూపిస్తే "బాగుండాది" అనేసి ఊరుకుంటారు.

బైరాగి, బండ, దొర అయిపోయాయి. తోటి మిగిలింది. బొగ్గు నలుపు డిజిటల్‌లో తీసినంత నున్నగా ఉండకూడదని, మామూలు నల్ల సిరాలో కాస్త బొగ్గుపొడి కలిపి చూద్దామని అడిగాను. జాలీ చిరిగిపోతే ఫ్రేము డబ్బులు మళ్లీ కట్టాలి అన్నాడు అన్న. సరేనన్నాను. మా జేజి పొయ్యిలోది సంచిలో కట్టి పంపింది, రెండుసార్లు జల్లెడ పట్టాను. సోమవారం రమ్మన్నాడు. అంటే గురువారం.